పొద్దున ఒంటిమీద, మధ్యాహ్నం చంకలో

డిసెంబరు నెలలో హైదరాబాదులోని ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఉదయం ఆరున్నరకు ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి నిలబడి చూడండి. పొద్దున వరంగల్ బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు మంకీ క్యాపుల్లోంచి కళ్లు తప్ప ఇంకేమీ కనపడనివ్వరు. మధ్యాహ్నం అదే చోట చెరుకురసం బండి చుట్టూ జనం మూగి ఉంటారు. పొద్దున ఒంటిమీదున్న స్వెటర్లు అప్పటికి కొందరి నడుములకు చేరాయి, కొందరి హ్యాండ్‌బ్యాగుల్లో కుక్కుకుపోయాయి, మిగిలినవి చంకల్లో ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ చంకలోని స్వెటర్ గురించి. చలికాలంలో వెచ్చగా ఉండటం మన ఊళ్లో పెద్ద సమస్య కాదు. పదకొండు గంటల తర్వాత కూడా చూడ్డానికి బాగుండటం, అదీ సమస్య.

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కన్ పీఠభూమి మీద ఉంది. చలికాలంలో మనకు గాలి పొడి, ఆకాశం నిర్మలం. మబ్బు లేని రాత్రి నేల తనలోని వేడిని వదిలేసి తెల్లవారేసరికి చల్లబడిపోతుంది. పొద్దెక్కాక అదే నిర్మలమైన ఆకాశంలోంచి ఎండ అడ్డు లేకుండా దిగుతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 14, 15 డిగ్రీల దగ్గరుండేది మధ్యాహ్నానికి 28, 29కి చేరుతుంది. చలిగాలులు వీచే రోజుల్లో శివార్లలో 10 కిందికి దిగడమూ ఉంది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. ఆ రోజు కూడా మధ్యాహ్నం ఎండలో కూర్చున్నవాళ్లు చలికోటు గుండీలు విప్పే ఉంటారని నా అనుమానం.

మరి మన దుకాణాల్లో దొరికే స్వెటర్ ఎక్కడిది? చాలావరకు లూథియానాది. చలికాలం రాగానే మన ఊళ్లకొచ్చి ఫుట్‌పాత్ పక్కన స్వెటర్ల దుకాణాలు పెట్టే టిబెటన్లు కూడా ఎక్కువగా అక్కడి సరుకే తెస్తారు. సరుకు మంచిదే. కానీ పంజాబులో జనవరిలో పొగమంచు దిగిందంటే మధ్యాహ్నం కూడా వణుకే. అక్కడివాళ్లు పొద్దున తొడుక్కున్నది రాత్రి పడుకునేదాకా తీయనవసరం లేదు. ఆ రోజుకు తగ్గట్టు అల్లిన మందపాటి పుల్లోవర్‌ను మనం తల మీదుగా దూర్చుకుని హబ్సిగూడ సిగ్నల్ దాటేసరికి చెమట పట్టి, దాన్ని తీద్దామంటే జుట్టు రేగి, లోపలి చొక్కా పైకి లేచి, నలుగురి మధ్యలో నానా అవస్థ పడతాం.

మన చలికి తగ్గ బట్ట మన దగ్గర లేకపోలేదు. తెలంగాణ గొంగడి చూడండి. దక్కనీ గొర్రెల ముతక ఉన్ని వడికి, దారానికి చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద కురుమలు నేసేది. దానికి చేతులు లేవు, గుండీలు లేవు. తెల్లవారుజామున కొప్పెర పెట్టుకుంటే తల నుంచి మోకాళ్ల దాకా కప్పుతుంది, ఎండెక్కితే మడత పడి భుజం మీదికి చేరుతుంది, మధ్యాహ్నం చెట్టుకింద పరుపవుతుంది. గొర్రెలకాపరి భుజాన గొంగడి ఎప్పుడూ వికారంగా కనపడదు గమనించారా? గొంగడి కప్పుకుని ఆఫీసుకు వెళ్లమని నేను చెప్పడం లేదు, మెట్రోలో పక్కవాళ్లకు గుచ్చుకుంటుంది కూడా. కానీ అందులో ఉన్న తెలివి తీసుకుందాం. కప్పుకోవడం ఎంత సులువో తీయడం అంత సులువు, తీశాక మోయడమూ సులువే.

అందుకని నా సలహా ఏమిటంటే, చలికాలం బట్టల ఎంపిక మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టండి. పదకొండింటికి స్వెటర్ తీసేశాక ఒంటిమీద ఏముంటుందో అదే మీ అసలు దుస్తులు. చాలామంది స్వెటర్ ఉంది కదా, లోపల ఏదైతేనేం అని ఇస్త్రీ లేని చొక్కానో వెలిసిన కుర్తానో వేసేస్తారు. ఆ తర్వాత అది బయటపడుతుందని భయపడి ఎండలో కూడా స్వెటర్ తీయకుండా ఉడికిపోతారు. లోపలిది మంచిది వేసుకోండి. పైది ముందు తెరుచుకునేది, అంటే జిప్పుదో గుండీలదో, ఎంచుకోండి. మడిచి బ్యాగులో పెడితే బ్యాగు మూత పడాలి. దుకాణంలో అద్దం ముందు నిలబడే ముందు ఈ పరీక్ష చేయండి, సగం స్వెటర్లు అక్కడే తప్పుతాయి.

వెచ్చదనం మందంలో ఉందని ఒక నమ్మకం. ఒంటిని వెచ్చగా ఉంచేది నిజానికి బట్టల మధ్య కదలకుండా నిలిచిన గాలి. అందుకే ఒక మందపాటి స్వెటర్ కన్నా రెండు పల్చటి పొరలు ఎక్కువ పనిచేస్తాయి, పైగా ఒళ్లు ఉబ్బినట్టు కనపడదు. ఒంటికి అతుక్కునే పల్చటి ఇన్నర్, దానిమీద చొక్కా లేదా కుర్తా, ఆపైన సన్నటి అల్లిక కార్డిగన్. మన వైపు చలికి ఇవి చాలు.

ఇక అందం సంగతి. కుర్తా మీద స్వెటర్ వేసుకునేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది స్వెటర్ ఎక్కడ ఆగుతోందన్నది. పిరుదుల దగ్గర, అంటే ఒళ్లు వెడల్పుగా ఉన్నచోట అది ఆగితే చూసేవాళ్ల కన్ను కూడా అక్కడే ఆగుతుంది. పొట్టిగా కనిపిస్తాం, లావుగా కనిపిస్తాం. కార్డిగన్ నడుము దగ్గరైనా ఆగాలి, కుర్తా అంచుకు దగ్గరగా మోకాలి దాకా అయినా రావాలి. పొడుగు కార్డిగన్‌ను గుండీలు పెట్టకుండా వదిలేస్తే ముందువైపు రెండు నిలువు గీతలు ఏర్పడి మనిషి సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది. భుజం కుట్టు భుజం చివరనే కూర్చోవాలి. జారిందంటే ఎంత ఖరీదైనదైనా అడిగి తెచ్చుకున్నట్టే ఉంటుంది. చేతులు పొడుగైతే మణికట్టు దగ్గర మడత పెట్టకుండా వీధి చివరి ఆల్టరేషన్ దుకాణంలో ఇచ్చేయండి. లావుపాటి జడల అల్లిక సన్నగా ఉన్నవాళ్లకు నిండుదనం ఇస్తుంది, కాస్త ఒళ్లున్నవాళ్లు నునుపైన సన్న అల్లిక తీసుకుంటే మంచిది.

రంగుల విషయంలో నాకో కోపం ఉంది. స్వెటర్ అనగానే బూడిదరంగు, గోధుమరంగు, లేకపోతే నలుపు. మనలో ఎక్కువమందిది చామనఛాయ. అసలే చలికి చర్మం పొడిబారి, తెల్లగా బూడిద రేగినట్టు ఉంటుంది. ముఖానికి ఆనుకుని మళ్లీ బూడిదరంగే ఉంటే కళ తగ్గిపోతుంది. మెరూన్, ఆవపొడి పసుపు, సీసా ఆకుపచ్చ, నెమలికంఠం రంగు, ఇవి మన ఒంటికి వెలుగు తెస్తాయి. ఉన్న స్వెటర్ బూడిదరంగుదే అయితే పారేయనక్కర్లేదు, మెడ దగ్గర ఓ ముదురురంగు స్కార్ఫ్ చుట్టండి. నలుపు మీద ఇంకో ఫిర్యాదు ఉంది. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఏళ్ల తరబడి సాగుతున్న ఫ్లైఓవర్ పనుల దుమ్ములో రోజూ ప్రయాణం చేసేవాళ్లకు నల్లటి నూగు స్వెటర్ వద్దే వద్దు. బోడుప్పల్ దాటకముందే దాని రంగు మారిపోతుంది. అయ్యప్ప దీక్షలో ఉన్న స్వాములకు నలుపు తప్పదు, వాళ్ల సంగతి వేరు. నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా వీధి వీధినా నల్ల శాలువాలు అమ్మకానికి ఉంటాయి కాబట్టి, దీక్ష ముగిశాక ఇంట్లో మిగిలిపోయిన శాలువాను మిగతావాళ్లు వాడుకోవచ్చు. తెల్ల కుర్తా మీద నల్ల శాలువా అందంగానే ఉంటుంది, దులుపుకునే ఓపిక ఉంటే.

చీర దగ్గరికి వద్దాం. చీర అందమంతా ముందువైపే, కుచ్చిళ్లలో, పైటలో, అంచులో ఉంటుంది. దానిమీద గుండీల స్వెటర్ వేశామంటే కట్టిన చీరను కట్టి మూసేసినట్టే. మన అమ్మమ్మలు స్వెటర్ ముందు వేసుకుని పైట దానిమీద వేసుకునేవాళ్లు, అది తెలివైన పద్ధతి. ఇప్పుడు ఇంకా తేలిక. జాకెట్టుకు బదులు ఒంటికి పట్టే సన్న అల్లిక, నిండు చేతుల హైనెక్ వేసుకుని పైట దానిమీద పిన్ను పెట్టండి. రంగు చీర అంచులోంచి తీసుకుంటే అది చలి కోసం వేసుకున్నదని ఎవరికీ అనిపించదు. చీరే వెచ్చగా ఉండేది ఎంచుకోవడం ఇంకో దారి. మనకు గంట, గంటన్నర దూరంలో భూదాన్ పోచంపల్లి ఉంది. అక్కడి ఇక్కత్ పట్టు గానీ, పట్టూ నూలూ కలిపి నేసే సికో గానీ ఈ కాలానికి భేషుగ్గా ఉంటాయి. నారాయణపేట చీరలూ అంతే. షిఫాన్, జార్జెట్ బీరువాలో ఉండనివ్వండి. నాచారంలో ఎన్టీఆర్ గారి రామకృష్ణా స్టూడియో ముందునుంచి వెళ్లినప్పుడల్లా నాకు మన సినిమాల మంచుకొండల పాటలు గుర్తొస్తాయి. హీరోకు కోటు, మఫ్లర్, చేతులకు గ్లోవ్స్. హీరోయిన్‌కు షిఫాన్ చీర, చేతుల్లేని జాకెట్టు. పాపం ఆ అమ్మాయిలు!

సినిమాల్లోనే కాదు, పెళ్లిళ్లలోనూ ఇదే వరస. పుష్యం శూన్యమాసమని ఆపుతాం గానీ మార్గశిరంలోనూ మాఘంలోనూ నాగోల్, ఉప్పల్ ఫంక్షన్‌హాళ్ల పచ్చికల మీద రాత్రి తొమ్మిదింటికి రిసెప్షన్లు జరుగుతూనే ఉంటాయి. మగవాళ్లు సూటు వేసుకుని హాయిగా తిరుగుతుంటే ఆడవాళ్లు నగలు కనపడాలని గజగజలాడుతుంటారు. కంచిపట్టు ఒకమేర కాపాడుతుంది. దానికి మోచేతి కింది దాకా చేతులున్న మఖమల్ జాకెట్టు కుట్టించుకుంటే నగలూ కనపడతాయి, చలీ ఆగుతుంది. మఖమల్ మన హైదరాబాదుకు కొత్త కాదు కదా.

మగవాళ్లకు బండీ ఉంది. అదే, చేతుల్లేని జవహర్ కోటు. చొక్కా మీద వేస్తే ఛాతీ, వీపు వెచ్చగా ఉంటాయి, చేతులు ఆడతాయి, మధ్యాహ్నం గుండీలు విప్పితే చాలు. దీని ముందు రెగ్జిన్ జాకెట్ దండగ. గాలాడదు, చెమట పీల్చదు, రెండేళ్లకు పొట్టు రాలుతుంది.

బైకు మీద వెళ్లేవాళ్ల చలి వేరు. స్వెటర్ అల్లికలో సందులుంటాయి. నిలబడితే వెచ్చగా ఉన్న స్వెటర్ గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో జల్లెడైపోతుంది, లోపల నిలిచిన గాలినంతా ఎదురుగాలి తోసేస్తుంది. అందుకే మనవాళ్లు జాకెట్‌ను ముందుది వెనక్కి తిప్పి వేసుకుంటారు, జిప్పు వీపు మీదికి పోయి ఛాతీకి సందు లేని బట్ట వస్తుంది. ఉపాయం మంచిదే కానీ ఆఫీసు గేటు దగ్గర బాగుండదు. పల్చటి స్వెటర్ మీద పల్చటి విండ్‌చీటర్ వేయండి, పని జరుగుతుంది. స్కూటీ నడిపే అమ్మాయిలు చున్నీ ముఖానికి చుట్టి కొసలు వేలాడనివ్వకుండా లోపలికి దోపుకోండి. చక్రంలో పడితే ప్రమాదం.

వేలాడే కొసల గురించి నాచారం పారిశ్రామికవాడలో ఉదయం షిఫ్టుకు వెళ్లేవాళ్లకు మరీ చెప్పాలి. మఫ్లర్, శాలువా, చున్నీ గేటు వరకే. బెల్టు, రోలరు తిరిగేచోట వేలాడే గుడ్డ ఏదైనా ప్రాణం మీదికి తెస్తుంది. హైనెక్ ఇన్నర్, నడుము దగ్గర పట్టు ఉన్న జిప్పు జాకెట్, చెవులు మూసే టోపీ మీకు సరైనవి. ఇందుకు పూర్తిగా తిరగేసిన అవసరం ఉప్పల్ ఐటీ ఆఫీసుల వాళ్లది. బయట ఎండ, లోపల ఏసీ. మెట్రో పెట్టెలోనూ ఏసీయే. 2017 నవంబరులో నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో మొదలైనప్పటి నుంచి మనవైపు ఆడవాళ్ల బ్యాగుల్లో ఏడాది పొడుగునా ఒక స్టోల్ ఉండటం నేను చూస్తున్నాను. స్టోల్ కొంటే చున్నీగా, మఫ్లర్‌గా, శాలువాగా మూడు రకాలా పనికొచ్చే వెడల్పుది కొనండి.

ఉప్పల్ క్రికెట్ స్టేడియం సంగతి మరిచిపోకూడదు. 2023 జనవరి 18న ఇక్కడే భారత్, న్యూజిలాండ్ వన్డే మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలైంది. ఎండలో టీషర్టులతో కూర్చున్న జనం శుభ్‌మన్ గిల్ 149 బంతుల్లో 208 కొట్టడం చూశారు. తర్వాత బ్రేస్‌వెల్ 140 కొట్టి గుండెలు దడదడలాడించాడు. మనం 12 పరుగుల తేడాతో గట్టెక్కేసరికి రాత్రి పది కావస్తోంది. జనవరి రాత్రి, మంచు దిగే వేళ, సిమెంటు మెట్లు. స్టేడియంలోకి బ్యాగులు రానివ్వరు, కాబట్టి ఏది తెచ్చుకున్నా ఒంటిమీదే ఉండాలి. టీషర్టు మీద ముందు గుండీలు విప్పి వేసుకునే గళ్ల ఫ్లానెల్ చొక్కా ఇలాంటి రోజుకు సరిగ్గా సరిపోతుంది. ఎండలో నడుముకు కట్టుకోండి, దీపాలు వెలిగాక తొడుక్కోండి.

ఇక కొనడం. సికింద్రాబాద్ జనరల్ బజార్, కోఠి సుల్తాన్ బజార్ ఉండనే ఉన్నాయి. కానీ మనలో చాలామందికి శాలువా అంటే నుమాయిషే. 1938లో మొదలైన ఈ ప్రదర్శన జనవరి 1న తెరుచుకుంటుంది, అంటే చలికాలం సగం అయిపోయాక మనం చలిబట్టలు కొనడానికి బయలుదేరతాం! ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే నాంపల్లిలో దిగొచ్చు. అక్కడి కశ్మీరీ దుకాణాల్లో శాలువాను ఉంగరంలోంచి లాగి చూపించి పష్మీనా అంటే వెంటనే నమ్మకండి, పల్చటి రేయాన్ కూడా ఉంగరంలోంచి దూరుతుంది. అంచు నుంచి ఒక పోగు అడిగి తీసుకుని, పక్కకొచ్చి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. యాక్రిలిక్ తప్పేమీ కాదు, చౌక, ఉతకడం తేలిక, రోజువారీకి చాలు. దానికి ఉన్ని ధర ఇవ్వకపోతే సరి.

కానీ ఆ కరిగే గుణం వల్లే ఒక జాగ్రత్త. భోగి మంట దగ్గరికి, వీధిలో చలిమంట దగ్గరికి పిల్లల్ని యాక్రిలిక్ స్వెటర్, పాలిస్టర్ లెహంగాతో పంపకండి. నిప్పు అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఆ పూటకు నూలు బట్టలు, నిజమైన ఉన్ని నయం. పిల్లల స్కూలు స్వెటర్ ఒక సైజు పెద్దది కొనండి, రెండు సైజులు కాదు. చేతులు వేళ్లను మింగేస్తే పాపం వాళ్లు పెన్సిలు పట్టుకోలేరు. కాలరు లోపల పేరు కుట్టండి. మధ్యాహ్నం ఆటస్థలంలో విప్పి పడేసే స్వెటర్లన్నీ ఒకే నీలం, ఒకే సైజు.

సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదంటారు, శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు. పోయాక వీటిని దాచే పని ఉంటుంది. ఉన్నిబట్టను వేడినీళ్లలో నానబెట్టకండి, ముడుచుకుపోతుంది. చల్లటి నీళ్లు, ఘాటు లేని సబ్బు. పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు వత్తండి. తీగ మీద వేలాడదీస్తే బరువుకు సాగి భుజాలు జారిపోతాయి, నీడలో చాప మీద పరిచి ఆరబెట్టండి. చెమట, నూనె మరక ఉన్నచోటికే పురుగు చేరుతుంది కాబట్టి ఉతక్కుండా ఒక్కటీ లోపల పెట్టకండి. ఎండిన వేపాకు పొరల మధ్య వేయొచ్చు. నాఫ్తలీన్ ఉండలు వేసేవాళ్లు మాత్రం వచ్చే చలికాలం ఆ బట్టలు తీసినప్పుడు రెండు మూడు రోజులు గాలికి ఆరేసి, ఉతికి వాడండి. ఇంట్లో పసిపిల్లలుంటే ఇది మరీ ముఖ్యం. జి6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న శిశువులకు ఆ ఉండల వాసన పట్టిన బట్టలు చుడితే ఎర్రకణాలు చిట్లి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. అందుకే పాప కోసం అటక మీంచి దించిన పాత ఉన్ని టోపీ అయినా సరే, ముందు గాలి, తర్వాత సబ్బునీళ్లు, ఆ తర్వాతే తల మీదికి.